ఏట్లో ఆగిన బండి

మా హాలు గోడకి ముప్పై ఏళ్లుగా ఒక పటం వేలాడుతోంది. బాబాయి డ్రాయింగ్ మాస్టారుగా ఉన్న రోజుల్లో పాత కాలెండరులోంచి కత్తిరించి ఫ్రేము కట్టించారు. ఇంగ్లండ్ చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ 1821లో వేసిన 'ది హే వెయిన్', అంటే గడ్డి బండి. లోతులేని ఏట్లో గుర్రాలు కట్టిన ఖాళీ బండి ఆగి ఉంటుంది. ఎడమవైపు ఎర్ర పెంకుల ఇల్లు, ఒడ్డున ఒక కుక్క, పైన ఎండా నీడా కలిసిన మబ్బులు. అసలు బొమ్మ లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. లండన్‌లోనే ఉద్యోగం చేస్తున్న మా అక్క దాన్ని చూసి, సెలవులకి ఇంటికొచ్చిన రోజే ఈ పటం ముందు నిలబడి, "ఇది అబద్ధం చెప్పే బొమ్మ బాబాయ్" అంది. ఆయన చదువుతున్న పేపరు పక్కన పెట్టారు. ఆ సాయంత్రం వాళ్లిద్దరి మధ్య నడిచిన వాదన ఇది.

బాబాయి: అబద్ధమా? ఆ ఇల్లు లేదా? ఆ ఏరు లేదా?

అక్క: ఇల్లూ ఉంది, ఏరూ ఉంది. ఇంగ్లండ్ తూర్పున సఫోక్‌ జిల్లాలో, ఫ్లాట్‌ఫర్డ్ దగ్గర, స్టూర్ నది ఒడ్డున ఆ ఇల్లు ఇప్పటికీ నిలబడే ఉంది. విల్లీ లాట్ అనే రైతు కాపురమున్న ఇల్లు. నేను బొమ్మలో లేనిదాని గురించి అంటున్నాను. 1815లో నెపోలియన్‌తో యుద్ధం అయిపోయింది. ధాన్యం ధర పడిపోయింది. సైన్యంలోంచి తిరిగొచ్చిన కుర్రాళ్లకి ఊళ్లో పని లేదు. చలికాలమంతా ధాన్యం నూర్చి బతికే కూలీల నోటి దగ్గర కూడు నూర్పిడి యంత్రాలు లాక్కున్నాయి. 1816లో అదే తూర్పు ప్రాంతంలో లిటిల్‌పోర్ట్, ఈలీ ఊళ్లలో జనం తిరగబడితే అయిదుగుర్ని ఉరి తీశారు. అయిదేళ్ల తర్వాత వేసిన బొమ్మ ఇది. ఇందులో ఆకలి ఎక్కడుంది? భయం ఎక్కడుంది?

బాబాయి: ముందు బండి చూడు తల్లీ. ఖాళీ బండి, పొలానికి వెళుతోంది. దారిలో నీళ్లలో ఎందుకు ఆగింది? గుర్రాలు సేద తీరడానికని కొందరంటారు, చక్రాలు తడవడానికని కొందరంటారు. నాకు రెండోదే నిజమనిపిస్తుంది. మా చిన్నప్పుడు ఎండాకాలం మన బండి చక్రాలు చెరువులో నానేసేవాళ్లం. చెక్క ఎండితే కుంచించుకుపోయి లోపలికి జరుగుతుంది, ఇనప పట్టా వదులైపోతుంది. దారిలో పట్టా ఊడిందంటే చక్రం ఆకులన్నీ విరిగి బండి కూలబడుతుంది. నీళ్లు తాగితే చెక్క ఉబ్బి మళ్లీ పట్టాని పట్టుకుంటుంది. ఈ సంగతి బండి తోలినవాడికి తెలుస్తుంది, లేదా వాడి పక్కన పెరిగినవాడికి తెలుస్తుంది. కాన్‌స్టబుల్ ఎవరనుకున్నావు? ఆ ఫ్లాట్‌ఫర్డ్ మిల్లు యజమాని కొడుకు. నీళ్లూ, ధాన్యం పడవలూ, మిల్లు చక్రాలూ చూస్తూ పెరిగినవాడు. కుళ్లిన పలకలన్నా, నాచు పట్టిన గుంజలన్నా, మిల్లు ఆనకట్టలోంచి జారే నీటి చప్పుడన్నా తనకి ప్రాణమని స్నేహితుడికి ఉత్తరం రాసుకున్నాడు. అలాంటివాడు అబద్ధం వేస్తాడా?

అక్క: మిల్లు యజమాని కొడుకని మీరే అన్నారుగా. ధాన్యం ధర పెరిగితే లాభపడే ఇల్లు అది. పైగా ఈ బొమ్మ ఆ ఒడ్డున కూర్చుని వేసింది కాదు. లండన్‌లో, తన ఇంట్లో వేశాడు. బండి సరిగ్గా ఎలా ఉంటుందో గుర్తు చాలక, ఊళ్లో స్నేహితుడి కొడుకు జాన్ డన్‌థార్న్ చేత బండి బొమ్మ గీయించి తెప్పించుకున్నాడు.

బాబాయి: అది నా వైపు సాక్ష్యం. బండి ఎలా ఉంటే ఏముందిలే, కొనేవాడికి తెలియదుగా అని ఊరుకోలేదు. తప్పు బండి వేయడానికి మనసొప్పక ఊరి నుంచి తెప్పించుకున్నాడు.

అక్క: బండి విషయంలో అంత పట్టింపు ఉన్నవాడికి, బండి తోలేవాడి విషయంలో ఎందుకు లేదు? ఇంకో ఉత్తరం చెబుతాను వినండి. 1822 ఏప్రిల్‌లో అదే స్నేహితుడు ఫిషర్‌కి రాశాడు. ఊళ్లో మిల్లు చూసుకుంటున్న తమ్ముడు కలవరపడుతున్నాడని, దగ్గర్లోనో దూరంలోనో మంటలు కనిపించని రాత్రి లేదని. ఆ మంటలు ఏమిటో మీకు తెలుసు. కూలీలు గడ్డివాములు తగలబెడుతున్నారు, యంత్రాలు విరగ్గొడుతున్నారు. అంటే ఆయనకి తెలుసు! ఆ ఏడే అదే నది మీద ఇంకో పెద్ద బొమ్మ, డెడమ్ దగ్గరిది, ప్రదర్శనకి పెట్టాడు. అందులోనూ పడవలు, చెట్లు, మబ్బులు. ఎక్కడా ఒక్క మంట లేదు.

(బాబాయి కాసేపు మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే ఈ ఉత్తరం సంగతి విన్నాక నేనూ అక్క వైపు వెళ్లిపోయాను. తెలియక వదిలేయడం వేరు, రాత్రిళ్లు మంటలని తెలిసీ పగటి ఎండ వేయడం వేరు. అక్కడ ఆయన కూర్చున్న తీరు చూస్తే ఆయనకీ అది తగిలిందనే అనిపించింది.)

బాబాయి: సరే. భయపడ్డాడు. ఊరు చెయ్యి జారిపోతోందని భయపడ్డవాడు, జారిపోకముందున్న ఊరిని వేసుకున్నాడు. అది నేరమా? అప్పటి లెక్క కూడా చూడు. లండన్‌లో చిత్రకారుల పెద్ద సంస్థ రాయల్ అకాడమీ. దాని దృష్టిలో గొప్ప బొమ్మంటే దేవుళ్లూ, రాజులూ, యుద్ధాలూ. పొలం బొమ్మ అంటే కింది వరస. అలాంటి రోజుల్లో ఒక ఖాళీ బండిని ఆరడుగుల కాన్వాసు మీద పెట్టాడు. 1821లో లండన్‌లో కొన్నవాడు లేడు. 1824లో పారిస్ ప్రదర్శనలో బంగారు పతకం ఇచ్చారు. సొంత దేశంలో అకాడమీ పూర్తి సభ్యత్వం వచ్చేసరికి ఆయనకి 52 ఏళ్లు. డబ్బున్నవాళ్లని మెప్పించడమే పనైతే ఇంత కష్టపడనక్కర్లేదు.

అక్క: కాన్‌స్టబుల్‌ని ఒక్కడినే అనడం లేదు బాబాయ్. ఆ పక్క గదుల్లోనే గేన్స్‌బరో వేసిన ఆండ్రూస్ దంపతుల బొమ్మ ఉంది. దాదాపు 1750 నాటిది, సఫోక్ పక్కనే ఎసెక్స్‌లో, సడ్‌బరీ దగ్గరి పొలం. ఓక్ చెట్టు కింద కొత్త జంట. ఆయన చంకలో తుపాకి, ఆవిడ నీలం పట్టు గౌను. వాళ్ల పక్కన కోసి కట్టిన పనలు. పైరు మొదళ్లు గీత గీసినట్టు వరసగా ఉంటాయి, అంటే గొర్రు లాంటి యంత్రంతో విత్తిన పొలం. ఎవరో విత్తారు, ఎవరో కోశారు, ఎవరో కట్టి నిలబెట్టారు. పొలంలో ఒక్క మనిషి కనబడడు. ఆవిడ ఒళ్లో ఏదో వేయాల్సిన చోటు ఖాళీగా వదిలేశాడు, దాని గురించి జనం పేజీలకి పేజీలు రాశారు. ఆ పొలం ఖాళీ గురించి ముందు అడగాలనిపించలేదు ఎవరికీ.

బాబాయి: ఆ బొమ్మ విషయంలో నీతో పేచీ లేదు. అది పొలం బొమ్మ కాదు, భూమి పత్రం.

అక్క: ఆ పత్రాలు ఎలా వచ్చాయో కూడా చెప్పాలిగా. 1604 నుంచి 1914 దాకా పార్లమెంటు 5,200కి పైగా చట్టాలు చేసి, 68 లక్షల ఎకరాల ఊరుమ్మడి భూములకీ పొలాలకీ కంచెలు వేయించింది. ఆవుని మేపుకునే చోటు పోయింది, చితుకులు ఏరుకునే చోటు పోయింది. ఆ కంచెల లోపలి పచ్చదనమే మనం అందమైన ఇంగ్లండ్ అనుకుంటున్నది. స్టబ్స్ 1785లో కోతల బొమ్మ వేస్తే, కూలీల బట్టలు ఇస్త్రీ చేసినట్టుంటాయి, పక్కన గుర్రం మీద అజమాయిషీ చేసేవాడు. అందుకే నాకు రంగుల బొమ్మలకంటే అచ్చు బొమ్మల మీదే నమ్మకం. రంగుల బొమ్మ ఒక్క జమీందారు గోడకి పోతుంది. అచ్చు బొమ్మ బజారుకి వస్తుంది. హోగార్త్ 1751లో వేసిన 'జిన్ లేన్' చూడండి, ఒక్క షిల్లింగు ధర. లండన్‌లో సెయింట్ జైల్స్ పేట. తాకట్టు కొట్టులో వండుకునే గిన్నెలు పెడుతున్న ఆడమనిషి, ఎముకలగూడైన తాగుబోతు, మెట్ల మీద తల్లి చేతిలోంచి జారిపోతున్న బిడ్డ. ఆ ఏడే సారా అమ్మకాల మీద చట్టం వచ్చింది. బొమ్మంటే అదీ!

బాబాయి: ఇప్పుడు నేను అడుగుతాను. ఆ తల్లి మొహం చూశావా? బిడ్డ పడిపోతుంటే నవ్వుతూ ఉంటుంది. కాళ్ల నిండా పుళ్లు. ఆ పేటలో ఉన్న తల్లులందరూ అలాగే ఉన్నారా? దానికి జోడీగా 'బీర్ స్ట్రీట్' అని ఇంకోటి వేశాడు. అందులో బీరు తాగేవాళ్లంతా బొద్దుగా, సంతోషంగా ఉంటారు. అంటే పేదవాడి కష్టానికి కారణం కూలి కాదు, అద్దె కాదు, తాగే సారా అన్నమాట. నీ మాటలో చెప్పాలంటే, లేనిది ఏమిటో అక్కడ వెతకవేం? ఇక ఒక్క షిల్లింగు అన్నావు. పల్లె కూలీకి అది దాదాపు ఒక రోజు కూలి. కొన్నవాడు పేదవాడు కాదు, పేదవాణ్ని చూసి భయపడేవాడు. కాన్‌స్టబుల్ బొమ్మలో మనిషి చిన్నగా ఉన్నాడు, ఒప్పుకుంటాను. కానీ తన పనిలో ఉన్నాడు. వాణ్ని ఎవరూ అసహ్యించుకోరు. హోగార్త్ బొమ్మలో మనిషి పెద్దగా ఉన్నాడు, కానీ దయ్యంలా ఉన్నాడు. నేనే ఆ కూలీనైతే ఏ బొమ్మలో ఉండాలనుకుంటాను?

(అక్క దగ్గర దీనికి వెంటనే జవాబు లేదు. నాకూ లేదు.)

అక్క: రెండింట్లోనూ వద్దు. బ్యూయిక్ బొమ్మలో ఉండాలనుకుంటాను.

బాబాయి: ఆఁ. థామస్ బ్యూయిక్! న్యూకాజిల్ ఆయన. ఆయన్ని తెస్తే నేనేం మాట్లాడను?

అక్క: పక్షుల మీద పుస్తకం వేస్తూ, పేజీ చివర ఖాళీ మిగిలినచోటల్లా బొటనవేలంత బొమ్మలు వేశాడు. వంతెన దగ్గర సుంకం తప్పించుకుందామని ఒకతను ఆవు తోక పట్టుకుని ఏరు దాటుతుంటాడు. గాలికి టోపీ కొట్టుకుపోతుంది. మిగిలింది సుంకమా, పోయింది టోపీయా అని ఆ మనిషి మొహంలో తెలుస్తుంది. మంచులో ముసలి సైనికుడు, వానలో బిచ్చగాడు, దూరంగా కొండ మీద ఉరికంబం. ఎవరూ దయ్యాలు కాదు, ఎవరూ ఇస్త్రీ బట్టల్లో లేరు.

బాబాయి: ఆ పనితనం తెలుసా నీకు? అంతకుముందు చెక్క మీద బొమ్మంటే ఎక్కువగా పలక మీద కత్తితో చెక్కేవాళ్లు. సన్నని గీత వేస్తే విరిగిపోయేది. ఈయన బాక్స్‌వుడ్ అనే గట్టి చెక్కని అడ్డంగా కోసి, ఆ మొద్దు ముఖం మీద లోహం చెక్కే పనిముట్టుతో చెక్కాడు. నల్లటి దాంట్లోంచి తెల్ల గీత తీసినట్టు. అక్షరాలతో పాటే అదే యంత్రం మీద అచ్చయ్యేది, ఎన్ని వేల కాపీలు తీసినా అరిగేది కాదు. బడిలో పిల్లలకి లినోలియం ముక్క ఇచ్చి ఈ తెల్ల గీత నేర్పడానికి నాకు నెలలు పట్టేది. (ఇక్కడ ఆయన లేచి నిలబడి గాల్లో చెక్కి చూపించారు. వాదన సంగతి కాసేపు ఇద్దరూ మర్చిపోయారు.)

అక్క: అలా చూడగలిగినవాళ్లు ఉన్నారు కదా బాబాయ్. 1814లో జార్జ్ వాకర్ యార్క్‌షర్ మనుషుల బొమ్మలు అచ్చు వేయిస్తే, అందులో బొగ్గు గని కార్మికుడి వెనక ఆవిరి ఇంజను వెళుతుంటుంది, ఇంకో పేజీలో ఫ్యాక్టరీ పిల్లలు ఉంటారు. కనిపించలేదు అనడానికి లేదు. 1830లో కూలీల తిరుగుబాటు దక్షిణ, తూర్పు జిల్లాలంతా పాకింది. 19 మందిని ఉరి తీశారు, 480 మందికి పైగా ఆస్ట్రేలియాకి ఓడలెక్కించారు. బిస్కెట్ డబ్బాల మీద, కాలెండర్ల మీద మిగిలింది మాత్రం ఈ ఎండ, ఈ ఏరు.

బాబాయి: బిస్కెట్ డబ్బా మీద వేసినవాడు కాన్‌స్టబుల్ కాదుగా. నువ్వు అసలు బొమ్మ ముందు నిలబడ్డావు. కుడివైపు, ఏటికి అవతల, చెట్ల వరసకి ముందు పొలంలో ఏముంది?

అక్క: …మనుషులున్నారు. గడ్డి కోసేవాళ్లు. ఇంకో బండికి ఎత్తుతున్నారు.

బాబాయి: ఈ పటంలో?

(ముగ్గురం గోడ దగ్గరికి వెళ్లాం. కాలెండరు కాగితం మీద ఆ చోట లేత పసుపు మీద నాలుగైదు తెల్ల మరకలు తప్ప ఏమీ లేవు. ముప్పై ఏళ్లు ఈ పటం కిందే అన్నం తిన్నాను. అక్కడ మనుషులున్నారని నాకు ఆ రోజు దాకా తెలియదు.)

బాబాయి: నాకు తెలుసని పిల్లలకి చెప్పేవాణ్ని, పుస్తకంలో చదివి. నేనూ చూడలేదు.

అక్క: వడ్లగింజంత ఉంటారు బాబాయ్. ఆరడుగుల బొమ్మలో వడ్లగింజంత. నా బాధ అదే. ఇంకో సంగతి, ముందు ఒడ్డు మీద గుర్రమెక్కిన కుర్రాడు ఒకడు ఉండేవాడు. అదే కొలతలో వేసుకున్న చిత్తు బొమ్మ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది, అందులో కనిపిస్తాడు. అసలు బొమ్మలో వాణ్ని చెరిపేసి పీపా పెట్టాడు, తర్వాత పీపానీ చెరిపేశాడు. దగ్గరున్న మనిషి పోయాడు, దూరాన ఉన్నవాళ్లు మిగిలారు.

బాబాయి: కుర్రాణ్ని చెరిపేశాడు. వాళ్లని చెరపలేదు. కొనేవాడెవడూ ఆ మూలకి చూడడు, అయినా కొడవళ్లతో సహా వేశాడు. ఫొటో తీశావా?

అక్క ఫోను తీసింది. ఆ మూల పెద్దది చేసింది. బాబాయి కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ఫోను మొహానికి ఆనించినంత దగ్గరగా పెట్టుకుని, చూపుడు వేలితో ఒక్కొక్కరినీ లెక్కపెట్టారు. ఆయన లెక్కకీ అక్క లెక్కకీ ఒకటి తేడా వచ్చింది. బండి పక్కన వంగి ఉన్నది మనిషని ఆయన, గడ్డి కుప్పని అక్క. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టారు.