కస్టర్ కథలో ఫార్వర్డ్ చెప్పని సంగతులు

"క్లాసులో ఆఖరి ర్యాంకు. అయినా 23 ఏళ్లకే అమెరికా చరిత్రలో అతి పిన్న జనరల్. ఓటమి ఎరుగడు. 1876లో మొత్తం రెజిమెంట్‌తో సహా దేశం కోసం ప్రాణాలిచ్చాడు. ర్యాంకులు ముఖ్యం కాదు మిత్రమా!" అశ్విక దళాధికారి జార్జ్ ఆర్మ్‌స్ట్రాంగ్ కస్టర్ మీద తిరుగుతున్న ఫార్వర్డ్ సారాంశం ఇది. మార్కులు తగ్గిన పిల్లలకు ధైర్యం చెప్పాల్సిందే, కానీ ఇంతకంటే మంచి మనిషి దొరకలేదా?

ఆఖరి ర్యాంకు నిజమే. 1861 జూన్‌లో వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో పాసైన 34 మందిలో 34వ వాడు. పాసైన కొద్ది రోజులకే, గార్డు డ్యూటీలో ఉండి కూడా కేడెట్ల కొట్లాట ఆపనందుకు కోర్టు మార్షల్ (సైనిక విచారణ) ఎదుర్కొన్నాడు. అప్పటికే ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం మొదలై అధికారులకు కరువొచ్చింది కాబట్టి మందలింపుతో బయటపడ్డాడు. ఆ అదృష్టం గురించి ఫార్వర్డ్‌లో ఒక్క ముక్క లేదు.

అతి పిన్న జనరల్ మాత్రం కాదు. గలూషా పెన్నీప్యాకర్ 1865లో 20 ఏళ్లకే బ్రిగేడియర్ జనరల్ అయ్యాడు. కస్టర్‌కు 1863 జూన్‌లో ఆ హోదా ఇప్పించింది ఆయన పై అధికారి ప్లెజంటన్. అదే రోజు మెరిట్, ఫార్న్స్‌వర్త్ అనే మరో ఇద్దరు కెప్టెన్లు కూడా జనరల్స్ అయ్యారు.

ధైర్యం విషయంలో వంక పెట్టలేం. అదే ఏడాది జులై 3న గెటిస్‌బర్గ్ యుద్ధంలో మిషిగన్ రౌతుల ముందు తనే గుర్రం దూకించి దక్షిణాది సేనాని స్టువర్ట్ దళాన్ని అడ్డుకున్నాడు. ఓటమి ఎరుగడన్నది వేరే సంగతి. 1864లో ట్రెవిలియన్ స్టేషన్ దగ్గర శత్రువు చుట్టుముడితే, భార్య రాసిన ఉత్తరాలతో సహా సొంత సామాను పోగొట్టుకుని బయటపడ్డాడు.

అసలు గొడవంతా యుద్ధం తర్వాతే. ఆ జనరల్ హోదా వాలంటీర్ సైన్యంలోది, తాత్కాలికం. 1866లో మళ్లీ కెప్టెన్, ఆ ఏడాదే 7వ అశ్విక దళంలో లెఫ్టినెంట్ కల్నల్. చనిపోయింది కూడా ఆ హోదాలోనే. 1867లో అనుమతి లేకుండా విధులు వదిలి భార్య దగ్గరికి వెళ్లాడు, పారిపోతున్న సిపాయిలను విచారణ లేకుండా కాల్చమన్నాడు. మళ్లీ కోర్టు మార్షల్, ఏడాది పాటు జీతం లేకుండా సస్పెన్షన్. గడువు తీరకముందే జనరల్ షెరిడన్ వెనక్కి పిలిపించాడు. వచ్చీ రాగానే 1868 నవంబర్ 27 తెల్లవారుజామున వాషిటా నది ఒడ్డున షయెన్లనే ఆదివాసీల ఊరి మీద పడ్డాడు. శాంతి కోరుతూ వచ్చిన నాయకుడు బ్లాక్ కెటిల్, ఆయన భార్య, ఇంకా ఎందరో ఆడవాళ్లూ పిల్లలూ చనిపోయారు. దీన్ని విజయాల ఖాతాలో రాసుకునేవాళ్లతో నాకు పేచీ.

"మొత్తం రెజిమెంట్" పోలేదు. కస్టర్ చనిపోయిన లిటిల్ బిగ్‌హార్న్ పోరులో, రెజిమెంట్‌లోని 12 కంపెనీల్లో (చిన్న దళాల్లో) ఆయన వెంట ఉన్న 5 కంపెనీలు తుడిచిపెట్టుకుపోయాయి. మిగతా వాటిలో ఎక్కువమంది ఆయన కింది అధికారులు రీనో, బెంటీన్‌ల నాయకత్వంలో గుట్ట మీద పోరాడి బతికారు.

ఇక "దేశం కోసం". బ్లాక్ హిల్స్ కొండలు సూ అనే ఆదివాసీ జాతివారివని ఒప్పుకుంటూ 1868లో ప్రభుత్వమే సంతకం చేసింది. 1874లో అక్కడికి దండు నడిపి బంగారం ఉందని చాటింది కస్టరే. ఆ తర్వాత ఎగబడ్డ జనాన్ని ఆపే బదులు ప్రభుత్వం ఆ కొండలు కొనాలని చూసింది. సూలు అమ్మేది లేదన్నారు, కస్టర్ చనిపోయిన యుద్ధం వచ్చింది. అనవసరంగా సైనికులను బలిపెట్టాడని అప్పటి అధ్యక్షుడు గ్రాంటే బాహాటంగా తప్పుపట్టాడు. అయినా వీరగాథే నిలిచిందంటే, 1933లో చనిపోయేదాకా పుస్తకాలతో, ప్రసంగాలతో భర్త పేరును కాపాడిన లిబీ కస్టర్ పట్టుదల దానికి పెద్ద కారణం.