గుడ్లగూబ మీద ఉలిగాటు

ప్రాచీన గ్రీకు నగరం ఏథెన్స్ ముద్రించిన వెండి టెట్రాడ్రాకం, అంటే నాలుగు డ్రాకంల నాణెం, బరువు 17 గ్రాముల పైచిలుకు. బొమ్మ వైపు శిరస్త్రాణం పెట్టుకున్న ఎథీనా దేవత, బొరుసు వైపు పక్కకు నిలబడి మొహం మాత్రం మనకేసి తిప్పిన గుడ్లగూబ. చాలా నాణేల మీద అడ్డంగా ఒక లోతైన గాటు కూడా కనిపిస్తుంది. పైన వెండి పూసి లోపల రాగి పెట్టారేమోనని ఈజిప్టులోనో, సిరియా తీరంలోనో ఏ వర్తకుడో ఉలితో కొట్టి చూసుకున్న గుర్తది. ఇప్పటి వేలంలో ఆ గాటుంటే ధర పడిపోతుంది. నన్నడిగితే నాణెం ఎక్కడెక్కడ తిరిగిందో చెప్పేది ఆ గాటే. కేటలాగులో ‘చారిత్రకం’ అని రాస్తారు గానీ, డబ్బు పోసేది నునుపుకే.

ఎల్మలి లంకెబిందె కథలోనూ ఇదే తంతు. 1984లో తుర్కియేలోని ఎల్మలి దగ్గర ముగ్గురు మనుషులు మెటల్ డిటెక్టర్‌తో వెతికితే దాదాపు 1,900 వెండి నాణేలు దొరికాయి. అందులో ఏథెన్స్ డెకాడ్రాకంలు, అంటే పది డ్రాకంల నాణేలు, 14. అప్పటిదాకా ప్రపంచం మొత్తానికి తెలిసినవి 13 మాత్రమే! ఒక్కోటి 43 గ్రాముల దాకా తూగుతుంది. దాని మీద గుడ్లగూబ రెక్కలు విప్పి సూటిగా మననే చూస్తుంది. సరుకు గుట్టుగా దేశం దాటింది. అమెరికా మదుపరుల బృందం ఒకటి సుమారు 1,700 నాణేలు కొనేసింది. తుర్కియే 1989లో కేసు వేస్తే, అవి తిరిగొచ్చేసరికి 1999 అయింది.

మేం కొనకపోతే కరిగించేసేవారంటారు సేకర్తలు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ ఏథెన్స్ నాణేలూ ఎల్మలి చుట్టుపక్కల ప్రాచీన ప్రాంతమైన లైసియా పాలకుల నాణేలూ ఒకే చోట పూడ్చి ఉన్నాయంటే, ఏది ఎంత అరిగిందో పోల్చి వాటి కాలం తేల్చవచ్చు. ఒక్కొక్కటే విడిగా అమ్ముడైతే ఆ ఆధారం పోయినట్టే.

పూర్వాపరాలు అడగని బేరంలో కొన్నవాడికీ భద్రత లేదు. 2012లో న్యూయార్క్‌లో ఓ పేరున్న సేకర్త, సిసిలీలో ఈమధ్యే తవ్వి తీసినవని నమ్మి ప్రాచీన గ్రీకు నాణేలు అమ్మబోయి అరెస్టయ్యాడు. మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే అవన్నీ నకిలీవి! నేరం ఒప్పుకున్నాక పడిన శిక్షలో ఒకటి, నాణేల పూర్వాపరాల మీద వ్యాసం రాయడం.