పొగ రాదు కదా అని తేలిగ్గా తీసుకుంటున్న పొగాకు

డాక్టరు దగ్గరికి వెళ్తే తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న, "సిగరెట్ తాగుతారా?" రోజంతా బుగ్గలో పొగాకు పెట్టుకునే మనిషి కూడా "లేదండీ" అంటాడు, అది అబద్ధమేమీ కాదు, కానీ సంగతి అక్కడితో ఆగిపోతుంది. నమిలే పొగాకు చేసే చేటు ఇన్నేళ్లుగా లెక్కలోకి రాకపోవడానికి ఈ ప్రశ్న కూడా ఒక కారణమని నేను గట్టిగా నమ్ముతున్నాను. పొగ లేదు, పక్కవాళ్లకు ఇబ్బంది లేదు, పనిచేసుకుంటూనే వాడొచ్చు, ఇంట్లోవాళ్లకు తెలియకుండా ఏళ్లు గడిచిపోవచ్చు. ప్రపంచంలో 30 కోట్లమందికి పైగా దీన్ని వాడుతున్నారు. అయినా పొగాకు అనగానే మనకు గుర్తొచ్చేది సిగరెట్టే. "నోట్లో ఏమైనా పెట్టుకుంటారా?" అని కూడా విడిగా అడగాలి.

ఊపిరితిత్తుల్లోకి పొగ పోదు, నిజమే. కానీ ఖైనీ, జర్దా, గుట్కా ఏదైనా పెదవికీ చిగురుకీ మధ్యో, బుగ్గలోనో చాలాసేపు నానుతూ ఉంటుంది, అదీ రోజూ దాదాపు ఒకేచోట. అందుకే తెల్లమచ్చ అయినా పుండు అయినా తరచుగా సరిగ్గా పొగాకు పెట్టుకునే చోటే వస్తుంది. ఆకును ఆరబెట్టి, పులియబెట్టి, నిల్వ చేసే క్రమంలోనే అందులో నైట్రోసమైన్లు అనే రసాయనాలు తయారవుతాయి, అంటే నిప్పు అంటించకముందే విషం అందులో చేరిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఈ రకం పొగాకును క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో, అంటే మనుషులకు క్యాన్సర్ తెస్తాయని రుజువైనవాటిలో పెట్టింది. నోరు, అన్నవాహిక, క్లోమం, ఈ మూడు చోట్లా క్యాన్సర్ వస్తుందని తేల్చింది. దానికి వక్క తోడైతే ఇంకో చిక్కు, నోటి లోపలి పొర గట్టిపడిపోయి నోరు తెరవడమే కష్టమవుతుంది. వక్క కూడా అదే వర్గంలో ఉంది, పొగాకు కలపకపోయినా సరే.

అలవాటు ఎందుకంత గట్టిగా పట్టుకుంటుందంటే, సున్నం కలిపినప్పుడు నికోటిన్ నోటి పొర గుండా వేగంగా రక్తంలోకి వెళ్తుంది, ఉమ్మేసిన తర్వాత కూడా చాలాసేపు అక్కడే ఉంటుంది. గుండె వేగం, బీపీ పెరుగుతాయి. గర్భిణులు వాడితే నెలలు నిండకుండా కాన్పు కావడం, బిడ్డ బరువు తగ్గడం, కడుపులోనే చనిపోవడం లాంటి ముప్పులున్నాయి. ఆడవాళ్లు పళ్లపొడి రూపంలో వాడే పొగాకుకూ ఇదే వర్తిస్తుంది, దాన్ని చాలామంది పొగాకుగా లెక్కే వేయరు.

"ఇవన్నీ ముసలితనంలో వచ్చేవి" అనేవాళ్లకు అమెరికాలో షాన్ మార్సీ అనే కుర్రాడి సంగతి చెప్పాలి. స్కూల్లో మంచి అథ్లెట్, పన్నెండేళ్లకే నోటి పొగాకు మొదలుపెట్టాడు, నాలుకకు క్యాన్సర్ వచ్చి 1984లో 19 ఏళ్లకే చనిపోయాడు. అంత చిన్న వయసులో రావడం అరుదే, కానీ అసాధ్యం కాదు. ఆ తర్వాత 1986లో అక్కడ టీవీ, రేడియోల్లో ఈ పొగాకు ప్రకటనలను నిషేధించారు, ప్యాకెట్ల మీద హెచ్చరికలు తప్పనిసరి చేశారు.

స్వీడన్‌లో వాడే స్నూస్‌ను, అంటే పెదవి కింద పెట్టుకునే తడి పొగాకును చూపించి సిగరెట్ కంటే ఇది మేలని వాదించేవాళ్లున్నారు. అక్కడ ఆకును వేడితో శుద్ధి చేస్తారు కాబట్టి నైట్రోసమైన్లు తక్కువ, సిగరెట్ పూర్తిగా మానేసి దానికి మారినవాళ్లకు ముప్పు తగ్గుతుందన్నదీ ఒప్పుకోవాల్సిందే. అయితే ఆ మాట పట్టుకుని గుట్కాకో, ఖైనీకో సర్టిఫికెట్ ఇవ్వడం మోసం.

మానడం కష్టం. మొదటి వారాల్లో చిరాకు, టెన్షన్, నిద్ర పట్టకపోవడం ఉంటాయి, క్రమంగా తగ్గుతాయి. కౌన్సెలింగ్ పనిచేస్తుంది. డాక్టరు రాసిచ్చే వరెనిక్లిన్ మందు నమిలే పొగాకు మానడానికి కూడా సాయపడుతుందని పరిశోధనల్లో తేలింది. మానినవాళ్లూ, మానలేకపోతున్నవాళ్లూ అప్పుడప్పుడు అద్దం ముందు నోరు తెరిచి చూసుకోవాలి. తెల్లగానో ఎర్రగానో మచ్చ, రెండు వారాలైనా మానని పుండు, మెడలో గడ్డ, మింగడంలో ఇబ్బంది, వీటిలో ఏది కనిపించినా వెంటనే డాక్టరుకు చూపించండి. నొప్పి లేదు కదా అని ఆగకండి, తొలి దశలో ఇవి చాలావరకు నొప్పి పెట్టవు.