కొలిచి పోయడం పిసినారితనం కాదండీ

మొన్న శనివారం రాత్రి ఒక స్నేహితుడి ఇంట్లో నా చేతికి ఒక గ్లాసు వచ్చింది. "టెకీలా, జింజర్ బీర్. నా స్పెషల్" అన్నాడు వాడు. (టెకీలా అంటే మెక్సికోలో అగావే అనే మొక్క నుంచి తీసే మందు, జింజర్ బీర్ అంటే అల్లంతో చేసే గ్యాసు డ్రింక్.) ఒక గుక్క వేశాను. ముందు గొంతులో స్పిరిట్ మంట, దాని వెనకాలే చక్కెర నీళ్లు. అల్లం జాడ లేదు, నిమ్మకాయ జాడ లేదు, బుడగ అసలే లేదు. "ఎంత పోశావురా?" అని అడిగితే, "మన మధ్య లెక్కలేంట్రా" అని నవ్వాడు. వాడి మనసు బంగారం, కాదనను. నా గొడవల్లా ఆ గ్లాసుతోనే.

చాలాకాలంగా కడుపులో ఉన్న మాట ఇవాళ కక్కేస్తున్నా. ఇంట్లో కాక్‌టెయిల్ కలిపేవాళ్లలో చాలామందికి కొలవడమంటే చిన్నతనం. సీసా ఎంత ఎక్కువ వంచితే అంత మర్యాద చేసినట్టు లెక్క. కానీ ఇందులో ఉన్నవి మూడే వస్తువులు: టెకీలా, నిమ్మరసం, జింజర్ బీర్. పది దినుసులు పడే వంటకంలో ఒకటి కాస్త అటూ ఇటూ అయినా మిగతావి కప్పేస్తాయి. మూడే ఉన్నచోట ఒకటి పెరిగిందంటే మిగతా రెండూ కనబడకుండా పోతాయి.

చాలాసార్లు మార్చి మార్చి చూశాక నాకు కుదిరిన కొలత ఇది. టెకీలా 50 మిల్లీలీటర్లు, అప్పటికప్పుడు పిండిన నిమ్మరసం 15, జింజర్ బీర్ 120. పులుపు ఇష్టమైతే నిమ్మరసం 20 చేసుకోండి. టెకీలాను మాత్రం 60 దాటించకండి. రుచి ఒక్కటే కాదు, ఇంకో కారణం కూడా ఉంది. 40 శాతం టెకీలా 50 మిల్లీలీటర్లలో 20 మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాల్ ఉంటుంది. బ్రిటన్ లెక్కలో 10 మిల్లీలీటర్లు ఒక యూనిట్, అంటే గ్లాసుకి రెండు యూనిట్లు. తాగేవాడికి తను ఎంత తాగాడో తెలుస్తుంది. మా వాడు పోసిన గ్లాసులో ఎంత ఉందో వాడికే తెలియదు, ఇక నాకేం తెలుస్తుంది? అల్లం, పులుపు, చల్లదనం కలిసి మందు రుచిని దాచేసే డ్రింక్ ఇది. అందులో గుడ్డి లెక్కన పోసి, "ఒక్కటేగా, తాగు" అనడం ఏ రకం ప్రేమో నాకర్థం కాదు.

ఇప్పుడు అసలు మంటకి వద్దాం. ఆ రాత్రి వాడి కిచెన్‌లో కనబడిన సీసా జింజర్ బీర్ కాదు, జింజర్ ఏల్. "రెండూ ఒకటే కదరా" అన్నాడు. అల్లమంటే నాకు తెలియదా, బెల్లంలా పుల్లగా ఉంటుంది అన్నాడట వెనకటికెవడో! జింజర్ బీర్‌ని 18వ శతాబ్దం నుంచి ఇంగ్లండ్‌లో అల్లం, చక్కెర, నీళ్లు పులియబెట్టి చేసేవారు. ఇవాళ సీసాల్లో దొరికే వాటిలో చాలావరకు పులియబెట్టినవి కావు, గ్యాస్ ఎక్కించినవి. పేరులో బీర్ ఉన్నా మత్తు ఉండదు. అయినా ఘాటు మాత్రం పోలేదు, గొంతులో దిగుతుంటే తెలుస్తుంది. జింజర్ ఏల్ అలా కాదు, మెత్తగా, తియ్యగా, సోడాకి అల్లం చూపించి తీసేసినట్టు ఉంటుంది. టెకీలా పక్కన నిలబడే దమ్ము దానికి లేదు.

ఇక్కడ ఎవరో ఒకరు ఎల్ డియాబ్లో అనే టెకీలా కాక్‌టెయిల్ సంగతి ఎత్తుతారని తెలుసు. నిజమే, ట్రేడర్ విక్‌గా పేరుపడ్డ అమెరికా బార్ యజమాని విక్టర్ బెర్జెరాన్ 1946లో అచ్చేసిన ఆ రెసిపీలో ఉన్నది జింజర్ ఏలే. కానీ అందులో నల్ల కర్రంట్ పళ్లతో చేసిన తియ్యటి మందు (లిక్యూర్) కూడా పడుతుంది. ఆ లోటు అది పూడుస్తుంది. మనం మాట్లాడుకుంటున్నది మ్యూల్ జాతి. 1940లలో అమెరికాలో వోడ్కా అమ్ముకోవడానికి పుట్టిన మాస్కో మ్యూల్ అనే కాక్‌టెయిల్‌లో (వోడ్కా, నిమ్మరసం, జింజర్ బీర్) వోడ్కా తీసి టెకీలా పెడితే వచ్చేది. దీని బలమంతా అల్లంలోనే ఉంది.

మంచి జింజర్ బీర్ దొరక్కపోతే ఏల్‌తో సర్దుకోవద్దు, ఇంట్లోనే చేసుకోండి. పచ్చి అల్లం తురిమి గుడ్డలో వేసి గట్టిగా పిండండి. ఆ రసాన్ని పది నిమిషాలు కదపకుండా ఉంచితే తెల్లటి పిండి అడుగున పేరుకుంటుంది. పైన తేటను మాత్రం వంచుకోండి. అందులో సరిపడా చక్కెర పాకం, బాగా చల్లబడ్డ సోడా. రసం ఎంత అన్నది మీ అల్లం ఘాటుని బట్టి, పావు గ్లాసు సోడాకి ఒక చెంచాతో మొదలుపెట్టి నాలుకనే అడగండి. (కొలవమని ఊదరగొట్టి ఇక్కడ చెంచా అంటున్నానేమని అడక్కండి. ఏ రెండు అల్లం ముక్కలూ ఒకేలా ఉండవు మరి.) రసాన్ని స్టవ్ మీద పెట్టి గంటసేపు మరిగించేవాళ్లను చూశాను. పచ్చి అల్లానికి ఆ మంటనిచ్చే జింజెరాల్ వేడికి జింజెరోన్‌గా మారుతుంది, దానికి అంత ఘాటు లేదు. అదే ఎండబెడితే షోగాల్ అవుతుంది, అందుకే శొంఠి అంత కారం. ఉడికించి ఘాటు చంపేసి, "ఈ అల్లంలో పస లేదు" అని అల్లాన్ని తిట్టడం అన్యాయం.

పాతకాలం పద్ధతిలో పులియబెట్టి చేద్దామని కూడా ఒకసారి దిగాను. గాజు సీసాకి మూత బిగించి అల్మారాలో పెట్టాను. మూడో రోజు రాత్రి పెద్ద చప్పుడు. తెల్లారాక గాజుముక్కలు ఏరుతూ నన్ను నేనే తిట్టుకున్నాను. సరదా ఉంటే ప్లాస్టిక్ సీసాలో చేయండి, నొక్కితే గట్టిగా తగలగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి.

టెకీలా గురించి క్లుప్తంగా. లేబుల్ మీద 100 శాతం అగావే అని ఉందేమో చూడండి. లేకపోతే మెక్సికో చట్టం ప్రకారం 51 శాతం చక్కెర అగావేది అయితే చాలు, మిగతాది ఇంకెక్కడిదైనా కావచ్చు. తేడా మర్నాడు పొద్దున తెలుస్తుందని కొందరంటారు. నాకు మాత్రం మొదటి గుక్కలోనే తెలుస్తుంది. రంగులేని బ్లాంకో ఈ డ్రింక్‌కి సరిగ్గా సరిపోతుంది. ఏడాది నుంచి మూడేళ్లు పీపాలో ఉంచిన అన్యెహోని తెచ్చి అల్లం, నిమ్మకాయలో ముంచేవాళ్ల మీద నాకు జాలి. అది విడిగా కొంచెం కొంచెంగా తాగాల్సింది.

మ్యూల్‌కి వాడే రాగి మగ్గు ఫొటోకి బాగుంటుంది, కాదనను. కానీ నిమ్మరసం పులుపుకి రాగి కొద్దికొద్దిగా కరుగుతుంది. లోపల స్టీలు పూత లేని మగ్గైతే షోకేసులోనే ఉంచండి. గాజు గ్లాసుకి ఏం తక్కువ?

ఇక ఐసు. "ఎక్కువ వేస్తే నీళ్లు నీళ్లవుతుంది" అని రెండు ముక్కలు వేస్తారు, అవి అయిదు నిమిషాల్లో కరిగి నిజంగానే నీళ్లు చేస్తాయి. గ్లాసు నిండా వేస్తే మొత్తం చల్లగా ఉండి నెమ్మదిగా కరుగుతుంది. ముందు ఐసు, తర్వాత టెకీలా, నిమ్మరసం, ఒకసారి కలపండి. ఆఖరున ఫ్రిజ్‌లోంచి తీసిన జింజర్ బీర్ గ్లాసు అంచున పోసి, చెంచాతో అడుగు నుంచి ఒక్కసారి పైకి ఎత్తండి. గిరగిరా తిప్పితే గ్యాసంతా పోతుంది. వెచ్చటి సీసా అయితే తిప్పక్కర్లేకుండానే పోతుంది. అన్నట్టు, మిట్ట మధ్యాహ్నం ఆరుబయట కూర్చుని నిమ్మకాయలు పిండకండి. ఆ రసం చర్మానికి అంటుకుని ఎండ తగిలితే బొబ్బలు లేస్తాయి, నిజంగా.

నిన్న ఆ స్నేహితుడు మా ఇంటికి వచ్చాడు. నా దగ్గర జిగ్గర్ (మందు కొలిచే చిన్న గిన్నె) లేదు. దగ్గు మందు సీసా మీద వచ్చే గీతల మూతే కడిగి వాడుకుంటాను. దాంతో కొలుస్తుంటే చూసి పగలబడి నవ్వాడు. "ఇదేమైనా డోసా?" అన్నాడు. గ్లాసు చేతికిచ్చాను. మొదటి గుక్కకి "మందు తక్కువైందిరా" అన్నాడు. రెండోదానికి ఏమీ అనలేదు. సగం అయ్యాక ఫోను పక్కన పెట్టి, ఆ మూత ఏ సైజు మందు సీసాది అని అడిగాడు.