సాల్వియాకు సీటు దొరికింది

డిసెంబరు వచ్చిందంటే విజయవాడ బాల్కనీల్లో అడ్మిషన్లు మొదలవుతాయి. కడియం మొక్కలతో ట్రాలీ ఆటో పటమట సందులో ఆగిందో లేదో, అందులో ముందు ఖాళీ అయ్యేది ఎర్ర సాల్వియా. చిన్న నల్ల కవర్లో ఉండగానే పూసేసి ఉంటుంది మరి. రిజల్టు ముందే చూపించి ఫీజు అడిగేవాళ్లను కాదనడం మన ఊరికి చేతకాదు.

కొన్నవాళ్లది ఒక తరగతి. గింజ వేసి పెంచుతామనేవాళ్లది పై తరగతి, క్రమశిక్షణ కూడా ఎక్కువే. సాల్వియా గింజకు వెలుతురు తగిలితేనే బాగా మొలుస్తుంది. తడి మట్టి మీద చల్లి, అలా అద్ది వదిలేస్తే పది పదిహేను రోజుల్లో మొలకలు కనిపిస్తాయి. కానీ కిటికీ లేని గదిలో కూర్చోబెడితేనే చదువు వస్తుందని నమ్మే ఊరు మనది. అంగుళం లోతున పూడ్చి, పైన అరచేత్తో గట్టిగా అదిమి, మూడో రోజు నుంచి వేలితో కెలికి ప్రోగ్రెస్ చూస్తాం.

ఆ గండం దాటిన మొక్కకు తిండి టెన్షన్ మొదలవుతుంది. నిద్ర లేవగానే ఒక మగ్గు, టిఫిన్ అయ్యాక ఒక మగ్గు, ఆఫీసు నుంచి వచ్చిన నాన్నగారి వంతు ఇంకో మగ్గు. పైమట్టి ఆరాకే నీళ్లు పోయాలని ఎవరైనా అంటే ‘పాపం, పసిది’ అంటారు. కుండీ కింద ప్లేటులో నీళ్లు నిలిచి వేరు కుళ్లితే ఆకులు వాలిపోతాయి. దాహంతో వాలిన ఆకూ ఇంచుమించు అలాగే ఉంటుంది కాబట్టి నాన్నగారు తన వంతు కాకపోయినా మరో మగ్గు పోస్తారు.

గుంటూరు చుట్టాలుంటే యూరియా కూడా వస్తుంది. మిర్చి పండించిన చెయ్యి కదా, చిటికెడుతో ఆగదు. నత్రజని ఎక్కువైన సాల్వియా ఏపుగా ఎదిగి, పూత మాట మరిచిపోతుంది. మొన్న పక్కింటాయన తన మొక్క ముందు నిలబెట్టి, ‘ఆకు చూశారా అండీ!’ అన్నారు. ‘పువ్వేదండీ?’ అన్నాను. ‘వస్తుందండీ, ముందు బేసిక్స్ స్ట్రాంగ్ అవ్వాలి’ అన్నారు. అదే ధీమాతో వాళ్లబ్బాయికి లాంగ్ టర్మ్ ఫీజు కూడా కట్టారు.

అసలు పరీక్ష కొస తుంచడం దగ్గర. మొక్క మూడు నాలుగు జతల ఆకులు వేశాక నడినెత్తిన చిగురు గిల్లేస్తే పక్కనుంచి కొమ్మలు వచ్చి గుబురుగా అవుతుంది. పూత కొన్నాళ్లు వెనక్కిపోతుంది, అంతే నష్టం. మా పైఫ్లోర్‌లో తెనాలి నుంచి వచ్చిన పెద్దావిడ, చేమంతులు పెంచిన మనిషి, ఈ సంగతే కోడలికి చెప్పింది.

‘ఇప్పుడు తుంచితే జనవరి 26కి పూస్తుందా అత్తయ్యా?’

‘అప్పటికి కాదులే గానీ, తర్వాత నిండుగా పూస్తుందమ్మా.’

‘ఐతే వద్దులెండి.’

ఆ మొక్క ఇప్పుడు బారెడు కాడ, దాని కొసన ఒకే ఒక్క పూగుత్తితో ఉంది. ఫస్ట్ ర్యాంకు ఒక్కటే కదా ఉండేది, ఫ్లెక్సీలో ఫొటోకి అది చాలు.

ఈ విద్యార్థిది బ్రెజిల్. అయినా ఇక్కడ బంధుబలం తక్కువేం కాదు. కాడ వేళ్ల మధ్య దొర్లించి చూడండి, నాలుగు పలకలు తగులుతాయి. తులసిదీ అదే కుటుంబం మరి. పొట్ట తగ్గుతుందని మనం నానబెట్టుకు తాగే చియా గింజలు మెక్సికో వైపు సాల్వియావి. జుట్టు మొలుస్తుందని నూనెలో వెతుక్కునే రోజ్‌మేరీని కూడా ఈమధ్య శాస్త్రజ్ఞులు సాల్వియాల్లోనే కలిపేశారు. వంటింట్లో ఒకరు, బాత్రూంలో ఒకరు ఉద్యోగాల్లో కుదురుకున్నారు గనక, బాల్కనీలో ఉన్నదాన్ని ‘నువ్వు ఉత్త పూలేనా?’ అని అడిగే హక్కు మనకుంది.

ఉత్త పూలే. అయినా ఒక తెలివి ఉంది దానికి. గొట్టంలా ఉండే పువ్వు రాలిపోయినా, దాని అడుగున ఎర్రటి గిన్నె చాలా రోజులు అలాగే నిలబడుతుంది. దూరం నుంచి చూసేవారికి ఇంకా పూసే ఉన్నట్టు లెక్క. తేనెపిట్ట మాత్రం దగ్గరికొచ్చి, ఖాళీ గిన్నె వైపు చూడకుండా పక్క కొమ్మకు పోతుంది. మార్కుల షీటు చూసి మురిసిపోయే అలవాటు దానికి లేదు.

మార్చి దాటాక బెజవాడ ఎండ తన పని తను చేస్తుంది. పడమటి బాల్కనీ అయితే ఇంకా ముందే. ఆకు అంచులు మాడి, గుత్తులు గోధుమరంగుకు తిరుగుతాయి. సాల్వియాను మన దగ్గర శీతాకాలానికే పెంచుతారని ట్రాలీ అబ్బాయి చెప్పలేదు, మనమూ అడగలేదు. ‘చేతికి అచ్చిరాలేదు’ అని పంతులుగారిని అడుగుదామనుకున్న ఇల్లు కూడా నేనెరుగుదును.

ఆ ఎండిన గిన్నెల్లోనే గింజలుంటాయి, బాగా కడితే ఒక్కోదాంట్లో నాలుగు. దులిపి, ఆరబెట్టి, పొట్లం కట్టుకుంటే అక్టోబరుకు నారు పోసుకోవచ్చు. కానీ పొద్దున్నే చెత్తబండి విజిల్ వినపడగానే మొక్కను వేళ్లతో సహా పీకి, అది తడిచెత్తా పొడిచెత్తా అని ఇంటిల్లిపాదీ ఐదు నిమిషాలు చర్చించి, స్వచ్ఛతలో మన నగరానికి ర్యాంకు రావాలి కదా అని, ఎంతో బాధ్యతగా పచ్చ డబ్బాలో వేస్తారు.