పాతిక రేకుల బంగారం

సిరిమానోత్సవానికి ఇంకా నాలుగు రోజులుంది. చుట్టాలందరూ విజయనగరం దిగేలోపు, హాల్లో ఉన్న తాతగారి పటం ఫ్రేముకి బంగారు రేకు అంటించాలని నాకు బుద్ధి పుట్టింది. ఇత్తడి రేకు చవకే గానీ పోనుపోను నల్లబడుతుంది. తాతగారికది నచ్చదు (బతికుండగా ఆయనకేదీ నచ్చలేదు, అది వేరే సంగతి). అందుకని అసలు బంగారమే తెప్పించాను. పాతిక రేకుల పుస్తకం.

"ఎంత తూగుతాదిరా?" అంది అమ్మ.

"గ్రాములో మూడో వంతు."

"పాతికా కలిపేనా?"

నామీద ఆవిడకున్న గౌరవం ఆ క్షణాన రేకంత పల్చబడిపోయింది. రేకు మందం మిల్లీమీటరులో 10,000వ వంతు మరి! వేలితో ముట్టుకుంటే వేలిగీతల్లోకే ఇంకిపోతుంది. మొదటి రెండూ అలాగే నా బొటనవేలి పాలయ్యాయి. దాన్నెత్తడానికి వెడల్పాటి కుంచె ఒకటుంటుంది. చెంపకి రాసుకుంటే జిడ్డంటుకుంటుంది, ఆ జిడ్డుకే రేకు లేస్తుంది. నా మొహం ఇన్నాళ్లకి ఒక పనికొచ్చింది.

ఈ పనికి గాలి పగ. అందుకే కరెంటు పోయిన వేళ చూసుకుని, కిటికీలన్నీ బిగించి కూర్చున్నాను. జిగురు ఆరీ ఆరనట్టుంది. రేకులు ఒక్కొక్కటే తీయాలి. నాకు తొందరెక్కువ, డజనుదాకా పరిచేశాను. పక్కనే వాలుకుర్చీలో బొబ్బిలినుంచి పొద్దున్నే దిగిన మామగారు చొక్కా విప్పేసి, ఉక్కకి చెమటలు కక్కుతూ గుర్రు పెడుతున్నారు.

కరెంటొచ్చింది. ఫ్యాను స్విచ్చి ఆపలేదని అప్పుడు గుర్తొచ్చింది.

రేకులన్నీ సీతాకోకచిలుకల్లా లేచాయి. జిగురు రాసిన ఫ్రేము ఎదురుగానే ఉంది. ఒక్కటీ దానిమీద వాలలేదు. మామగారి బట్టతలమీద మాత్రం ఆరు అతుక్కున్నాయి, ఇరవయ్యేళ్ల అనుభవమున్నవాడు అద్దినట్టు, ఎక్కడా ముడత లేకుండా.

"ఓలమ్మో!" అంటూ అమ్మ చీపురందుకుంది. "కంసాలి కొట్టుముందు చెత్త జల్లించి బంగారం ఏరుకునీవోరుండీవోరు. ఎవుళూ అడుగెయ్యకండి!"

మా ఆవిడ తడి తువ్వాలుతో పరిగెత్తుకొచ్చింది. మామగారప్పటికే లేచి అద్దం ముందు తల అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నారు.

"ఉండవే అమ్మాయ్, తుడవకు," అన్నారు. తరవాత నావైపు తిరిగి, గొంతు తగ్గించి, "అల్లుడుగారూ, ఎనకాల కాస్త ఖాళీ ఉండిపోయినట్టుంది. ఇంకేటైనా మిగిలాయేటి?"