కెమెరా కొన్నాను, ఇక చూస్కోండి

కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి కెమెరా మెడలో వేసుకుని వెళ్లాను. ప్రభని, అదే దేవుణ్ని నిలిపి అలంకరించిన పెద్ద వెదురు చట్రాన్ని, భుజాల మీద మోస్తూ కౌశిక నది దాటిస్తున్నారు. నేను లెన్స్ మార్చి, మూత ఏ జేబులో పెట్టానో వెతుక్కునేసరికి ప్రభ గట్టెక్కేసింది. మా బావమరిది ఫోన్ పైకెత్తి నొక్కాడంతే, పది నిమిషాల్లో చుట్టాలందరి వాట్సాప్‌లో అదే ఫొటో. "నీదేది బావా?" అట! ఇంటికెళ్లి కార్డు కంప్యూటర్లో పెట్టాలిరా నాయనా.

వాడి ఫొటో పెద్దది చేసి చూడండి, మోసేవాళ్ల మొహాలు నీళ్లలో నానిన అట్టుముక్కల్లా ఉన్నాయి. నా కెమెరాలో వెలుతురుని పట్టే చిప్పు, అదే సెన్సార్, వెడల్పు దాదాపు 24 మిల్లీమీటర్లు, వాడి ఫోన్‌ది 10 కూడా ఉండదు. చీకటి పడ్డాక తేడా అక్కడే తెలుస్తుంది. కానీ చూసేదెవరు? అందరూ చూసేది అరచేతిలోనే, పైగా వాట్సాప్ ఎలాగూ ఫొటోని పిండేస్తుంది.

అన్నిటికన్నా ఒళ్లు మండేది బూజు. మా కోనసీమ తేమకి 30 వేల లెన్స్ లోపల సాలెగూడులా పట్టేసింది. ఇప్పుడది గట్టి మూతున్న వడియాల డబ్బాలో, సిలికా జెల్ పొట్లాల మధ్య ఉంటోంది. వడియాలు ఎక్కడ పెట్టాలని మా ఆవిడ రోజూ అడుగుతోంది.

అమ్మేద్దామంటే, ఆదివారం కోరింగ మడ అడవుల్లో పిట్టలున్నాయి. ఫోన్ కోసం అవి దగ్గరికి రావు కదా!